అమెరికా వంటింటి నమూనాలు (1880, 1905, 1930): ఏ వస్తువు ఏ ఇంట్లో పెట్టాలి?

కోఠి_చరిత్రగది:

అందరికీ నమస్కారమండీ. హైదరాబాద్‌లో డిగ్రీ చరిత్ర విద్యార్థులతో ఒక ప్రదర్శన చేయిస్తున్నాం. పరిశ్రమలు పెరిగిన రోజుల్లో అమెరికాలో మామూలు ఇల్లు ఎలా మారిందో చూపాలి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ప్లైవుడ్ పలకల మీద మూడు వంటిళ్లు: 1880, 1905, 1930.

పిల్లలు పాఠ్యపుస్తకంలో ఉన్న ఆవిష్కరణల పట్టిక ముందు పెట్టుకుని పని మొదలుపెట్టారు. బల్బు 1879 అని ఉంది కాబట్టి 1880 వంటింట్లో బల్బు వేలాడదీశారు. గోడకు ప్లగ్గు, తొట్టి మీద కుళాయి కూడా పెట్టారు. 1905 వంటింట్లో ఫ్రిజ్జు వచ్చేసింది. 1930 వంటింట్లో ఇక లేనిది లేదు. బట్టల మూలకు మన బొగ్గుల ఇస్త్రీపెట్టె బొమ్మ దొరికితే అదే 1880లో పెట్టేశారు. ఎక్కడో తేడా కొడుతోందని తెలుస్తోంది కానీ ఏది ఎందుకు తప్పో గట్టిగా చెప్పలేకపోతున్నాను.

వెలుతురు, నీళ్లు, ఉతుకు, తిండి నిల్వ, గోడ గడియారం. ఈ అయిదూ ఏ ఏడాదికి ఏ రూపంలో ఉండేవి? ఎవరింట్లో ఉండేవి, ఎవరింట్లో లేవు? పెరట్లో కారు పెట్టాలని కూడా పిల్లల పట్టుదల. కారణంతో సహా చెబితే వాళ్లకు నచ్చజెప్పడం సులువవుతుంది.

రాగితీగ:

కోఠి గారూ, ముందు ఆ పట్టికను పక్కన పెట్టించండి. పేటెంటు వచ్చిన ఏడాదికీ వస్తువు మామూలు ఇంటి గడప దాటిన ఏడాదికీ మధ్య ఇరవై ఏళ్లుండొచ్చు, యాభై ఏళ్లుండొచ్చు. ఆ మధ్యకాలమంతా తీగలు లాగడం, గొట్టాలు పూడ్చడం, ధర దిగిరావడంలోనే గడిచింది. అందుకని నమూనా మీద ఏడాదితో పాటు ఊరు పేరు కూడా రాయించండి. ఊరు రాయకపోతే ఏ వస్తువు సరైనదో ఎవరూ తేల్చలేరు.

వెలుతురు సంగతి చెబుతాను. ఎడిసన్‌కు బల్బు పేటెంటు వచ్చింది 1880 జనవరి 27న. న్యూయార్క్ పెర్ల్ వీధిలో ఆయన విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది 1882 సెప్టెంబరు 4న. అప్పటికి అందిన దీపాలు దాదాపు 400, అవీ దిగువ మాన్‌హట్టన్‌లో కొన్ని వీధుల్లోని ఆఫీసులకూ దుకాణాలకూ. కాబట్టి 1880 వంటింట్లో బల్బు ఉండే అవకాశమే లేదు. అక్కడ ఉండాల్సింది కిరసనాయిలు దీపం. పల్లెటూరైనా చిన్న పట్నమైనా అదే. పెద్ద నగరంలో స్తోమత ఉన్న ఇల్లయితే బొగ్గు గ్యాసు దీపం.

కిరసనాయిలు దీపం పెడితే దాని పని కూడా చూపించండి. వత్తి అంచును రోజూ సమంగా కత్తిరించాలి, ఒక పక్క ఎత్తుగా ఉంటే మంట ఆ పక్కకు లేచి గాజు పొగచూరుతుంది. గాజు గొట్టాన్ని తుడవాలి. చమురు పగటిపూటే పోసుకోవాలి. ఆ రోజుల్లో చమురులో తేలికపాటి నాఫ్తా కలిపి అమ్మిన కల్తీ వల్ల దీపాలు పేలి ఇళ్లు తగలబడేవి. నాఫ్తా తక్కువ వేడికే ఆవిరవుతుంది, దీపం బుడ్డిలో ఆ ఆవిరి గాలితో కలిస్తే నిప్పురవ్వ చాలు.

ఎడిసన్ పంపింది 110 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. అంత తక్కువ వోల్టు మీద ఎక్కువ దీపాలు వెలిగించాలంటే కరెంటు ఎక్కువ పారాలి. తీగలో వృథా అయ్యే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. వోల్టు రెట్టింపు చేస్తే అంతే శక్తికి కరెంటు సగం చాలు, వృథా నాలుగో వంతు అవుతుంది, లేదా అంతే వృథాకు నాలుగో వంతు రాగి సరిపోతుంది. 1883లో మూడు తీగల పద్ధతి తెచ్చి ఎడిసన్ రాగిని సుమారు 60 శాతం ఆదా చేశాడు. అయినా కేంద్రానికి కిలోమీటరు, ఒకటిన్నర దాటితే దీపాలు మినుకుమినుకుమనేవి. 1886 మార్చిలో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్‌టన్ అనే చిన్న ఊళ్లో విలియం స్టాన్లీ, వోల్టు పెంచి పంపి ఇళ్ల దగ్గర మళ్లీ దించే ట్రాన్స్‌ఫార్మర్లతో ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) నడిపి చూపించాక దూరం కష్టం తీరింది. 1896 నవంబరుకు నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరం చేరింది.

మొదట్లో మీటరు ఎలా ఉండేదో తెలిస్తే పిల్లలకు బాగా నచ్చుతుంది. జింకు సల్ఫేటు ద్రావణం ఉన్న గాజు సీసాలో రెండు జింకు పలకలు. కరెంటు పారినకొద్దీ ఒక పలక నుంచి జింకు కరిగి రెండోదానికి పట్టేది. నెలకొకసారి మనిషి వచ్చి పలకలు తీసుకెళ్లి, తూచి, బిల్లు వేసేవాడు. చలికాలంలో ద్రావణం గడ్డకడితే లెక్క ఆగిపోతుంది కనుక పెట్టెలో చిన్న బల్బు వెలిగించి వెచ్చగా ఉంచేవారు.

1905 నగర వంటింటికి బల్బు పెట్టండి, కానీ మూడు జాగ్రత్తలు. ఒకటి, అది కార్బన్ తీగ బల్బు. 16 క్యాండిళ్ల వెలుగు, అంటే సుమారు 200 ల్యూమెన్లు. ఇవాళ్టి 9 వాట్ల ఎల్‌ఈడీలో నాలుగో వంతు, అదీ పచ్చగా. పసుపు వెలుగిచ్చే రెండు వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. టంగ్‌స్టన్ తీగ సాగదీయడం 1910 ప్రాంతంలో గానీ కుదరలేదు. రెండు, చాలా ఇళ్లలో గ్యాసు దీపం, కరెంటు దీపం ఇంట్లో ఒకే దీపపు చట్రానికి ఉండేవి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా. గ్యాసు మంట పైకి, బల్బు కిందికి చూడాలి. పిల్లలు రెండూ పైకి పెడతారు, చూసుకోండి. మూడు, గోడకు ప్లగ్గు వద్దు. విద్యుత్ కంపెనీలు అప్పట్లో అమ్మింది దీపాల కోసమే. హార్వే హబ్బెల్ విడదీసే ప్లగ్గుకు పేటెంటు తీసుకున్నది 1904లో, దాని ఒక సగం బల్బు హోల్డరులోకి మర వేసి బిగించేది. ఇస్త్రీపెట్టె తీగ గోడ నుంచి కాకుండా నడినెత్తిన వేలాడే దీపం నుంచి దిగుతుందన్నమాట. 550 వాట్ల పెట్టె 110 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. దీపాల కోసం వేసిన సన్నని తీగ వేడెక్కేది, ఫ్యూజు పోయేది. ఎర్తు పిన్ను లేదు, ఇస్త్రీపెట్టెకు వేడిని అదుపు చేసే ఏర్పాటూ లేదు, మరిచిపోతే బల్ల కాలేది.

గోడ లోపల తీగలు చూపించదలిస్తే పింగాణీ గుబ్బల మీద రెండు తీగలూ విడివిడిగా, కొన్ని అంగుళాల ఎడంతో వెళ్లాలి. మన పాత ఇళ్లలోని చెక్క బద్దీ వైరింగు వేయకండి. హోల్డరు కూడా మన రెండు ముక్కుల బల్బుది కాదు, మర తిప్పేది.

ఇక 1930. నా సలహా: ఆ పలకను నిలువునా రెండుగా చీల్చండి. ఎడమ పక్క నగరం, కుడి పక్క పొలం. 1930లో అమెరికా ఇళ్లలో మూడింట రెండొంతులకు కరెంటు ఉంది, పొలాల్లోని ఇళ్లలో మాత్రం పదింట ఒక్కదానికే. ఒకే దేశం, ఒకే ఏడు, కుడి పక్క ఇంకా కిరసనాయిలు దీపమే. కంపెనీలకు మైలుకు రెండు మూడు ఇళ్లున్న చోట స్తంభాలు పాతితే గిట్టుబాటు కాలేదు. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి, రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చాక గానీ ఆ తీగలు కదల్లేదు. కాస్త ఉన్న రైతయితే 1916 నుంచి దొరికిన 32 వోల్టుల డెల్కో జనరేటరు, దానికి 16 గాజు బ్యాటరీ జాడీలు పెట్టుకునేవాడు. అది పెడితే జాడీలు సరిగ్గా లెక్కపెట్టి పెట్టించండి: ఒక్కో జాడీ 2 వోల్టులు.

గండిపేట_నీళ్లు:

రాగితీగ గారు ఏడాదితో పాటు ఊరు అన్నారు, నీళ్లకు అది ఇంకా బాగా వర్తిస్తుంది. 1880 ఇల్లు చిన్న ఊళ్లోది అయితే కుళాయి తీసేయండి. పెరట్లో బావి, లేదా చేతి పంపు. ఇంట్లో తొట్టి ఉండొచ్చు కానీ దానికి నీళ్లు బకెట్‌తో పోయాలి, వాడిన నీళ్లు మళ్లీ బకెట్‌తోనే బయట పారబోయాలి. ఈ రెండో మోత అందరూ మరిచిపోతారు.

ఉతుకును కొలమానంగా పెట్టుకోండి, అన్ని మార్పులూ దాంట్లోనే కనిపిస్తాయి. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ. ఒక్క వారం బట్టలు ఒకసారి రుద్ది, ఒకసారి ఉడకబెట్టి, ఒకసారి జాడించడానికి సుమారు 50 గ్యాలన్ల నీళ్లు పట్టేవి. మన లెక్కలో 190 లీటర్లు, 12 లీటర్ల బకెట్లు 16. పోయడానికి 16, పారబోయడానికి 16. నమూనా పక్కన నిజం బకెట్ ఒకటి నిండుగా పెట్టి, చూడవచ్చినవాళ్లను ఎత్తమనండి, ఏ చార్టూ చెప్పలేనిది చెబుతుంది.

వరస ఇలా: ఆదివారం రాత్రి నానబెట్టడం, పొద్దున్నే పొయ్యి రాజేసి నీళ్లు కాచడం, కొవ్వూ బూడిద క్షారమూ కలిపి చేసిన సబ్బుతో గాడులున్న పలక మీద రుద్దడం, తెల్లబట్టలు రాగి అడుగు పాత్రలో ఉడకబెట్టడం, కర్రతో తీసి జాడించడం, నీలిమందు, గంజి, పిండడం, ఆరేయడం. నీలిమందు, గంజి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీలిమందు బాగా కలవకపోతే మరకలు మరకలుగా పడుతుందన్నదీ తెలిసిందే.

బొగ్గుల ఇస్త్రీపెట్టె విషయంలో మీకు వచ్చిన అనుమానం సరైనదే. అమెరికా ఇళ్లలో ఎక్కువగా వాడింది లోపల డొల్ల లేని గట్టి ఇనుప దిమ్మ. పొయ్యి మీద మూడు నాలుగు దిమ్మలు వరసగా వేడి చేసుకుని, ఒకటి చల్లారగానే ఇంకోటి తీసుకోవడం. 1871లో మేరీ ఫ్లారెన్స్ పాట్స్ అనే ఆమె ఊడదీసే చెక్క పిడికి పేటెంటు తీసుకుంది: పిడి ఒకటే, దిమ్మలు మూడు, చెయ్యి కాలదు. 1880 వంటింట్లో పొయ్యి మీద మూడు దిమ్మలు, బల్ల మీద ఒక పిడి పెట్టండి. బొగ్గు కన్నా పొయ్యి మసి పెద్ద బాధ: దిమ్మ అడుగు తుడవకపోతే తెల్ల చొక్కా మీద నల్ల గీత.

1905 నగర వంటింట్లో కుళాయి సరే. వేడినీళ్లకు పొయ్యి లోపలి గూట్లో గొట్టం చుట్ట, దాన్నుంచి పక్కనే నిలువుగా 30 గ్యాలన్ల ఇనుప పీపా. వేడినీరు పైకి, చన్నీరు కిందికి తానే తిరుగుతుంది. గడ్డకట్టే చలిలో ఆ గొట్టంలో మంచు అడ్డం పడి ఉండగా పొయ్యి రాజేస్తే ఆవిరికి దారి దొరక్క పొయ్యి పేలిపోయేది. చలికాలం పొద్దుటి ప్రమాదాల్లో అదొకటి.

మురుగు దగ్గర ఒక వరస తప్పు జరిగింది, దీన్ని తప్పకుండా చూపండి. చాలా అమెరికా నగరాలు ముందు నీటి గొట్టాలు వేశాయి, మురుగు కాలువలు తర్వాత. కుళాయి రాగానే జనం నీటితో కడిగే మరుగుదొడ్లు పెట్టుకుని వాటిని పాత గుంతలకే కలిపారు. పొడి మలానికి తవ్విన గుంతకు ఇన్ని నీళ్లు వస్తే ఏమవుతుంది? పొంగి వీధిలోకి, పక్కవాళ్ల బావిలోకి. సౌకర్యం పెరిగిన ఇళ్ల చుట్టే టైఫాయిడ్ పెరిగింది.

1908 సెప్టెంబరు 26న న్యూజెర్సీలోని బూన్‌టన్ జలాశయం దగ్గర జెర్సీ సిటీకి వెళ్లే నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలపడం మొదలుపెట్టారు. అమెరికాలో ఒక నగరం మొత్తానికి నిత్యం క్లోరిన్ కలిపిన నీళ్లు ఇవ్వడం అదే మొదలు. మోతాదు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే. తేదీ గమనించారా? సరిగ్గా రెండు రోజులకు, సెప్టెంబరు 28న, ఇక్కడ మూసీ ఊరిని ముంచేసింది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చి వరద నివారణకు పథకం వేశారు, గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండు ఊళ్ల తేదీలూ ఒకే పట్టీ మీద పెడితే హైదరాబాద్ పిల్లలు అమెరికా సంగతిని పరాయిగా చూడరు.

1930 పొలం పక్కన మరుగుదొడ్డి పెరట్లో విడిగా ఉండాలి. 1940 జనగణనలో కూడా దాదాపు సగం ఇళ్లకు వేడినీళ్లు, స్నానపు తొట్టి, నీటితో కడిగే మరుగుదొడ్డి మూడూ కలిపి లేవు.

ఒక్క మాట ఉతుకు యంత్రం గురించి. నగరం పక్కన రోలర్ల మధ్య బట్టలు పిండే కరెంటు యంత్రం పెట్టండి, దాంతో ఆడవాళ్ల పని తగ్గిపోయిందని మాత్రం రాయకండి. అంతకుముందు మధ్యతరగతి ఇళ్లు బట్టలు చాకలి మనిషికో లాండ్రీకో వేసేవి. యంత్రం వచ్చాక ఆ పని తిరిగి ఇల్లాలి నెత్తిన పడింది, పైగా దుప్పట్లూ చొక్కాలూ ఇదివరకటి కన్నా తరచుగా మార్చడం అలవాటైంది. నడుము నొప్పి తగ్గింది, గంటలు తగ్గలేదు.

పట్టాలమీద:

గడియారం ముచ్చట నేను చెప్త. 1880 గోడ గడియారం, 1905 గోడ గడియారం చూడనీకి ఒక్క తీరే ఉంటయి, కానీ చూపించే టైం వేరు. 1880ల ప్రతి ఊరికి దాని పొద్దే దాని టైం. సూర్యుడు నడినెత్తికి వస్తే పన్నెండు. రేఖాంశం ఒక్క డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా, న్యూయార్క్‌కు వాషింగ్టన్‌కు మూడు డిగ్రీలు, అంటే 12 నిమిషాలు. రైలు కంపెనీలు ఒక్కోటి తమ పెద్దూరి టైం పట్టుకొని నడిపిస్తుండె. ఒక్క స్టేషన్ల మూడు గడియారాలు, మూడు టైములు. సింగిల్ లైను మీద ఎదురెదురు బండ్లు నడిపేటప్పుడు ఇది ప్రాణాలతో ఆట.

1883 నవంబర్ 18, ఆదివారం. రైలు కంపెనీలే కూడబలుక్కొని దేశాన్ని 75, 90, 105, 120 డిగ్రీల మీద నాలుగు పట్టీలు చేసినయి. న్యూయార్క్ గడియారాలు సుమారు నాలుగు నిమిషాలు ఎనక్కి జరిగినయి. సర్కారు చట్టం చేసింది 1918ల, ముప్పై అయిదేండ్ల తర్వాత. మన దగ్గర భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి. హైదరాబాద్ 78.5 డిగ్రీల మీద ఉంది, మన టైం 82.5 డిగ్రీలది. నాలుగు నాలుగుల పదహారు: మన ఊర్ల సగటున పొద్దు నడినెత్తికి వచ్చేది 12:16కు. 1880 నమూనా పక్కన ఈ లెక్క రాసి, పిల్లలతోని కర్ర పాతించి నీడ కొలిపించుండ్రి. నీడ అన్నిటికంటే పొట్టిగ అయిన టైం రాసుకుంటే చాలు. ఏడాదిల ఒక్కో రోజు పావుగంట దాక అటిటు జరుగుతది, సరిగ్గ 12:16 రాలేదని గాబరా పడొద్దు.

వంటింటి గిన్నెలల్లకు తిండి ఎట్ల వచ్చిందో కూడా పట్టాలే చెప్తయి. దక్షిణాది రైళ్లు అయిదడుగుల గేజు మీద, ఉత్తరాదివి నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల మీద. కలిసే చోట సరుకంతా దించి ఎక్కించాలె, లేకుంటే చక్రాల బోగీలు మార్చాలె. 1886 మే 31, జూన్ 1, రెండే రెండు రోజులల్ల సుమారు 11,500 మైళ్ల పట్టాలు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలకు జరిపిండ్రు. ఎట్ల అయిందంటే, ముందే కొత్త జాగల లోపలి మేకులు కొట్టి పెట్టుకున్నరు, పాత మేకులు ఒకటి విడిచి ఒకటి పీకి పెట్టిండ్రు. ఆ దినం రాంగనే మిగిలిన మేకులు పీకి, ఒక్క పట్టాను మూడంగుళాలు లోపలికి నెట్టి, బయటి మేకులు కొట్టుడే. రెండో పట్టాను ముట్టనే లేదు. ఇంజన్లు, డబ్బాల చక్రాలు కూడా ముందుగాలనే తయారు చేసి పెట్టిండ్రు. మీటర్ గేజు నుంచి బ్రాడ్ గేజుకు నెలలకొద్ది బండ్లు బందు పెట్టుడు చూసినోళ్లకు ఈ పని గొప్ప ఏందో తెలుస్తది.

ఇగ మాంసం. షికాగో నుంచి బతికున్న పశువును న్యూయార్క్‌కు పంపితే బరువుల సగానికి ఎక్కువ తినేది కాదు, కిరాయి మాత్రం మొత్తానికి. దారిల మేత, నీళ్లు, చిక్కిపోవుడు వేరే. గుస్తావస్ స్విఫ్ట్ అనేటాయన 1870ల ఆఖర్ల కోసిన మాంసం పంపుడు మొదలుపెట్టిండు. ముందటి డబ్బాలల్ల మాంసం పైనుంచి వేలాడదీస్తే మలుపుల కాడ ఊగి డబ్బా పక్కకు గుంజుతుండె. ఆయన ఇంజనీర్ ఆండ్రూ చేజ్ ఐసు పైన పెట్టి చల్లగాలి కిందికి దిగేటట్టు చేసిండు, మాంసం కదలకుండ దగ్గర దగ్గర కట్టిండ్రు. దారి పొడుగూత ఐసు నింపే స్టేషన్లు. ఒక్క స్టేషన్ల ఐసు లేకుంటే డబ్బా మొత్తం పారబోసుడే. 1880 వంటింట్ల ఉప్పు పెట్టిన పంది మాంసం పీపా, 1905 నగరం వంటింట్ల షికాగో మాంసం ముక్క పెట్టుండ్రి, సరిపోతది.

కారు ఒక్క మాటల చెప్త. మోడల్ టి అమ్మకం 1908 అక్టోబర్ల మొదలు. 1905 పెరట్ల పెడితే తప్పు. 1930 పొలం పెరట్ల పాతది ఒకటి పెట్టొచ్చు, 1927 మే దాక కోటిన్నర చేసిండ్రు. నలుపు రంగు ఒక్కటే అని అందరు అంటరు, అది 1914 నుంచి 1925 దాక మాట. అంతకుముందు ఎరుపు, బూడిద, ఆకుపచ్చ ఉంటుండె. 1913ల హైలాండ్ పార్క్ కర్మాగారంల కదిలే లైను పెట్టినంక ఒక్క చాసిస్ (కారు అడుగు చట్రం) కూర్చే టైం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దిగింది. ధర 1908ల 850 డాలర్లు, 1925ల 260. రైతు దాని వెనక చక్రానికి బెల్టు కట్టి కట్టెలు కోసే రంపం తిప్పుకుంటుండె, నమూనాల అట్ల పెడితే జనం ఆగి చూస్తరు.

కోఠి_చరిత్రగది:

అందరికీ ధన్యవాదాలు. 1930 పలకను రెండుగా చీల్చాలని నిర్ణయించాం, 1880 ఒహాయోలో చిన్న ఊరు, 1905 షికాగో అని పేర్లు కూడా పెట్టాం. కుళాయి, ప్లగ్గు, కారు వాటి వాటి చోట్లకు మారాయి. ఇంకా రెండు మిగిలాయి. ఫ్రిజ్జు తీసేస్తే 1905లో పాలు, మాంసం ఎక్కడ పెట్టాలి? ఇంట్లో కుట్టు మిషను ఏ ఏడాదికి పెట్టాలి?

చల్లపెట్టె:

1905కు ఐసుపెట్టె పెట్టండి. ఓకు చెక్క బీరువా, లోపల జింకు లేదా తగరపు రేకు, రెండు గోడల మధ్య రంపపు పొట్టో బెండు పొడో. పై అరలో ఐసు దిమ్మ, కింది అరల్లో పాలు, వెన్న, మాంసం. అడుగున కరిగిన నీళ్లకు పళ్లెం. ఆ పళ్లెం రోజూ పారబోయకపోతే నేల తడిసి చెక్క కుళ్లుతుంది. వీధి కిటికీకి ఒక అట్ట తగిలించండి, నాలుగు అంచుల మీద 25, 50, 75, 100 అని అంకెలు. ఎన్ని పౌండ్ల ఐసు కావాలో ఆ అంకె పైకి వచ్చేలా తిప్పి పెడితే బండివాడు అడగకుండా తెచ్చేసేవాడు.

ఐసు వ్యాపారం అప్పటికే పాతది. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల్లో కోసిన ఐసును రంపపు పొట్టులో కప్పి ఓడల్లో 1833లో కలకత్తా దాకా పంపాడు. మద్రాసు సముద్రం ఒడ్డున ఇప్పటికీ ఐస్‌హౌస్ అని పిలిచే భవనం ఆయన ఐసు నిల్వకు కట్టిందే.

ఎక్కువమంది చేసిన పొరపాటు ఒకటుంది, మీ పిల్లలు ప్రయోగంగా చూపించొచ్చు. ఐసు ఎక్కువ రోజులు ఉండాలని దిమ్మను పాత కాగితాల్లో, గోనెలో చుట్టి పెట్టెలో పెట్టేవారు. ఐసు మిగిలేది, పాలు విరిగేవి. ఐసు కరుగుతున్నప్పుడే పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. కరగనివ్వకపోతే చల్లదనం లేదు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. 25 పౌండ్ల దిమ్మ, అంటే 11.3 కిలోలు, దాదాపు 3,800 కిలోజౌళ్లు, మన కరెంటు మీటరులో ఒక యూనిట్‌కు కాస్త పైన.

ప్రయోగానికి ఒకే కొలత థర్మకోల్ పెట్టెలు మూడు తీసుకోండి. ఒక్కోదాంట్లో కిలో ఐసు, పావు లీటరు పాలు, ఒక థర్మామీటరు. మొదటిదాంట్లో ఐసు పైన తీగ వల మీద, రెండోదాంట్లో కూడా పైనే కానీ నాలుగు పొరల కాగితం చుట్టి, మూడోదాంట్లో అడుగున, పాలు పైన. అరగంటకొకసారి పాల వేడి రాసుకోవాలి. మొదటిది ముందు చల్లబడాలి. మూడోదాంట్లో చల్లగాలి అడుగునే ఉండిపోతుంది. మూతలు ఊరికే తీయనివ్వకండి, థర్మామీటరు కాడ మూత బయటికి ఉండేలా చిల్లు పెట్టండి. కరిగిన నీళ్లు పాలగిన్నెను తాకితే లెక్క చెడిపోతుంది, ఐసు కింద పళ్లెం ఉండాలి. హైదరాబాద్ ఎండాకాలంలో చేస్తే రెండు మూడు గంటల్లోనే తేడా బాగా తెలుస్తుంది.

1930 నగరం పక్కన కూడా ఐసుపెట్టె ఉండడమే ఎక్కువ నిజం. ఆ ఏడు కరెంటు ఫ్రిజ్జు ఉన్న ఇళ్లు నూటికి ఎనిమిది, పదేళ్లకు 44. ఫ్రిజ్జే కావాలంటే 1927లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చినది చేయించండి: తెల్లని పెట్టె, నెత్తిన గుండ్రటి కంప్రెసర్ బుట్ట. అందులో చల్లబరిచే వాయువు సల్ఫర్ డయాక్సైడ్, కారితే కళ్లు, గొంతు మండేవి.

డబ్బా సరుకు 1905 అరలో పెడితే డబ్బా కోసే పరికరం కూడా పక్కన పెట్టండి. ఇంట్లోనే గాజు జాడీల్లో నిల్వ పెట్టేవాళ్లు కూడా ఎక్కువే, మేసన్ మరమూత జాడీకి పేటెంటు 1858. పులుపున్న టమాటా, పళ్లయితే మరిగే నీళ్లలో ఉడికిస్తే చాలు. చిక్కుళ్లు, మొక్కజొన్న, మాంసం అలా చేస్తే ప్రమాదం: బొట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీలకు చావవు, 116 నుంచి 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడి కావాలి. జాడీ పైకి బాగానే కనిపించేది, వాసన కూడా ఒక్కోసారి రాదు. తిన్న ఇంటిల్లిపాదీ పోయిన సందర్భాలున్నాయి.

కుట్టుదారం:

కుట్టు మిషను 1880కే పెట్టేయండి, కాలితో తొక్కేది. ఈ ఒక్క వస్తువు మాత్రం తీగ, గొట్టం, పట్టా ఏదీ అక్కర్లేకుండా ఊరూరా తిరిగింది. ఎలయాస్ హోవ్ పేటెంటు 1846, సింగర్‌ది 1851. ఒకరి మీద ఒకరు వేసుకున్న దావాలు 1856లో పేటెంట్లన్నీ ఒక చోట కలిపి రాజీ చేసుకున్నాక ఆగాయి. అదే ఏడాది సింగర్ వాళ్లు వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టారు. ఖరీదైన యంత్రం కూలి ఇంటికి కూడా చేరింది దానివల్లే.

మగవాళ్ల చొక్కా ఒకటి చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద గంటా 16 నిమిషాలు అని ఆనాటి మిషను కంపెనీ ఒకటి కొలిచి చెప్పింది. అమ్ముకునేవాళ్ల లెక్క, అయినా తేడా అబద్ధం కాదు. నమూనాలో సూది కన్ను మొన దగ్గర ఉండాలి, అసలు కిటుకంతా అక్కడే: సూది మళ్లీ బట్ట పైకి రాకముందే దాని దారపు ఉచ్చులోంచి కింది దారం దూరిపోవాలి. బొమ్మ గీసేవాళ్లు అలవాటుగా కన్ను తలలో పెడతారు.

1905 షికాగో ఇంట్లో మిషను ఉన్నా దాని మీద అతుకులే ఎక్కువ వేసేవారు, మగవాళ్ల కోటూ చొక్కా కొనుక్కునేవే. సైనికులకు కొలతలు తీసి పెట్టిన పద్ధతి సైజుల అంకెలకు దారి తీసింది. చౌక బట్ట ఎవరి శ్రమ మీద వచ్చిందో కూడా ఒక పక్క రాయండి. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ కర్మాగారం తగలబడి 146 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్ల వయసు వలస కార్మికురాళ్లు. మెట్ల దారి తలుపుకు తాళం వేసి ఉంది.

పొలం పక్కన బల్ల మీద లావుపాటి క్యాటలాగు ఒకటి పెట్టడం మరవకండి. ఇంటి దాకా ఉత్తరాలు తెచ్చే గ్రామీణ తపాలా 1896లో, పార్సిల్ తపాలా 1913 జనవరి 1న వచ్చాయి. మొదట్లో 11 పౌండ్లకు మించి పంపనిచ్చేవారు కాదు.

రాగితీగ:

ఇంకొక్క జాగ్రత్త. అమెరికా నుంచి ఎవరైనా నిజమైన పాత ఇస్త్రీపెట్టె తెచ్చిస్తే చూపించండి, వేడిచేసి చూపించకండి. 120 వోల్టుల తీగకు మన 230 పెడితే దాదాపు 3.7 రెట్లు వేడి పుడుతుంది. ఆ కాలపు తీగల గుడ్డ తొడుగులోనూ లోపలి పలకల్లోనూ ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజపు పీచు) ఉండొచ్చు, కాబట్టి గాజు పెట్టెలో ఉంచండి, పిల్లలను విప్పనివ్వకండి. నమూనాల దీపాలన్నీ 12 వోల్టుల అడాప్టరు మీద నడపండి. 1930 పలకకు రెండు స్విచ్చులు వేరువేరుగా పెట్టి, నగరం వైపు నొక్కితే వెలగాలి, పొలం వైపుది నొక్కినా ఏమీ వెలగకూడదు. దాని తీగ స్తంభం దాకా వెళ్లి తెగి ఉన్నట్టు చూపండి.